సంఘాన్ని మూసే హక్కు ఎవరిది?

రైతుల వ్యాపార సంస్థల కథను మనవాళ్లు 1904 సహకార పరపతి చట్టంతో మొదలుపెట్టి, 2003లో అమల్లోకొచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీలతో ముగిస్తారు. సర్కారు పట్టు నుంచి రైతును విడిపించింది కంపెనీ చట్టమేనంటారు. కొత్తచెరువు లాంటి వానాధారపు వేరుశనగ నేల నుంచి చూస్తే ఈ లెక్క సరిపోదు.

1912 చట్టం పరపతేతర సంఘాలకూ దారి తెరిచింది. 1964 రాష్ట్ర చట్టం సంఘాల రిజిస్ట్రేషన్‌తో పాటు విలీనాన్నీ రద్దునూ రిజిస్ట్రార్ చేతిలో పెట్టింది.

అసలు మలుపు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యుల నిబంధనలతో నడిచే సంఘాలకు దేశంలో మొదట చోటిచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మన జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ పెంచిన ధరణి రైతు సంఘం ఈ చట్టం కిందే 2008లో ఏర్పడింది. పాత సంఘాలూ ఇందులోకి మారవచ్చు. పాల సంఘాలు కొన్ని అలాగే మారాయి. 2006లో ప్రభుత్వం చట్టాన్ని సవరించి వాటిని మళ్లీ 1964 చట్టం కిందికి లాగింది. ప్రజాధనంతో పెరిగిన ఆస్తులు కొద్దిమంది గుప్పిట్లోకి పోతున్నాయన్న అనుమానాన్ని తీసిపారేయలేం. అయితే ఆ తప్పులకు మందు ఆడిట్, విచారణ. సభ్యుల్ని అడగకుండా సంఘం రూపాన్నే మార్చడం కాదు. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు, అది సంఘంగా ఏర్పడే స్వేచ్ఛకు విరుద్ధమని, ఆ తీర్పునే నిలబెట్టింది. సంస్థ రూపం సభ్యుల సొత్తని తేలింది ఈ పోరులోనే. ఉత్పత్తిదారుల కంపెనీ 1995 చట్టం తర్వాత వచ్చిన సౌకర్యం మాత్రమే.

2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంస్థలు లక్ష్యంగా పెట్టుకుంది. మైదాన ప్రాంతంలో ఒక్కోదానికి కనీసం 300 మంది సభ్యులు, మూడేళ్లకు 18 లక్షల రూపాయల దాకా సాయం. పుట్టించే ఉత్సాహం మంచిదే. కానీ వాన తప్పిన ఏడు అమ్మకానికి కాయలే ఉండవు. కంపెనీగా నమోదైతే అప్పుడూ వార్షిక పత్రాలు దాఖలు చేయాల్సిందే. ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. కరువు సీమకు ఇది అతకని చొక్కా.

అలాంటి ఏళ్లలో సంస్థను మూయాల్సి రావచ్చు. అందుకే సంతకాలు పెట్టే ముందే సభ్యులు రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి: సంస్థను మూయాలంటే తీర్మానం ఎవరిది? అప్పులు తీరాక మిగిలింది ఎవరికి?