ఫ్రీ వీల్ హబ్: చరిత్ర, కొల్లేరు సీమలో వాడకం

ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు, ట్రక్కుల్లో ముందు చక్రాన్ని యాక్సిల్ షాఫ్ట్‌తో కావలసినప్పుడు కలిపి, అక్కర్లేనప్పుడు విడదీసే అమరికను ఫ్రీ వీల్ హబ్ అంటారు. హబ్ లాకు అన్న పేరూ ఉంది. చక్రం మధ్యలో బయటికి కనిపించే గుండ్రటి నాబు మీద ‘ఫ్రీ’, ‘లాక్’ అని రెండు గుర్తులుంటాయి. డ్రైవరు బండి దిగి, రెండు వైపులా ఆ నాబును చేత్తో తిప్పాలి. ఇదే పనిని బండి తనంతట తాను చేసుకునే ఆటోమేటిక్ హబ్‌లు తరవాత వచ్చాయి. అయినా బురద నేలల్లో తిరిగే బండ్లకు, ముఖ్యంగా ఎత్తు పెంచిన బండ్లకు, చేతి హబ్‌లు తిరిగి బిగించుకునే అలవాటు ప్రపంచమంతటా బలంగా ఉంది.

పనితీరు

పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ బండి తారురోడ్డు మీద వెళ్తున్నప్పుడు ఇంజిన్ శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసు లీవరు వేస్తేనే ముందు చక్రాలకు పోతుంది. అయితే లీవరు తీసేసినా ముందు భాగం విశ్రాంతి తీసుకోదు. ముందు చక్రాలు దొర్లుతున్నంతసేపూ యాక్సిల్ షాఫ్టులు, క్రౌన్, పినియన్, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ వాటి వెంట ఊరికే తిరుగుతుంటాయి. దీనివల్ల బేరింగులు, ఆయిల్ సీళ్లు అరుగుతాయి, చప్పుడు పెరుగుతుంది, కొంత ఇంధనమూ వృథా అవుతుంది.

హబ్ నిర్మాణం ఎంతో సరళం. చక్రం హబ్‌కు బోల్టులతో బిగించే గుల్ల ఒకటి, యాక్సిల్ షాఫ్ట్ చివరి పళ్ల మీద కూర్చునే గేరు ఒకటి, ఈ రెంటినీ కలిపే జారుడు రింగు ఒకటి. నాబు తిప్పితే స్ప్రింగు ఆ రింగును తోస్తుంది, పళ్లు కలుస్తాయి. వెనక్కి తిప్పితే విడిపోతాయి, చక్రం ఒక్కటే బేరింగుల మీద హాయిగా దొర్లుతుంది. హబ్‌లు ఫ్రీలో ఉండగా ఫోర్ వీల్ లీవరు వేస్తే ముందు చక్రాలకు బలం అందదు. ఆ స్థితిలో లో గేరు కూడా వేస్తే భారమంతా వెనుక యాక్సిల్ మీదే పడుతుంది. పాత డ్రైవర్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి జాగ్రత్త ఇదే.

తొలి దశ

చక్రాల బండ్ల వేల ఏళ్ల చరిత్రలో నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందించే ఆలోచన నిన్నమొన్నటిది. డచ్చి వారి స్పైకర్ కారు 1903లో నాలుగు చక్రాల బలంతో నడిచింది. ఆ తరవాత మూడు దశాబ్దాల పాటు ఈ పద్ధతి ఎక్కువగా భారీ ట్రక్కులకే పరిమితమైంది.

రెండో ప్రపంచ యుద్ధం దీన్ని చిన్న బండ్లకు తెచ్చింది. 1941 నుంచి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. ఆ జీపుల్లో ఫ్రీ వీల్ హబ్‌లు లేవు. చక్రాన్ని యాక్సిల్‌తో శాశ్వతంగా కలిపే డ్రైవ్ ఫ్లాంజి మాత్రమే ఉండేది. యుద్ధరంగంలో తిరిగే బండికి అది చాలు. యుద్ధం ముగిశాక మిగులు జీపులు అమెరికాలో రైతుల చేతికి, సామాన్యుల చేతికి వచ్చాయి. వాటిని రోజూ తారురోడ్ల మీద నడిపేసరికి ముందు భాగం అనవసరంగా అరుగుతున్న సంగతి బయటపడింది.

ఆర్థర్ వార్న్ 1948లో సియాటిల్‌లో మొదలుపెట్టిన కంపెనీ సరిగ్గా ఈ అవసరం కోసమే హబ్‌లు తయారు చేసింది. డ్రైవ్ ఫ్లాంజి బోల్టులు విప్పి, ఆ స్థానంలోనే హబ్‌ను బిగించవచ్చు. యాక్సిల్‌ను కోయనక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు. డెబ్బై ఏళ్లు దాటినా ఈ పద్ధతి మూలంలో మారలేదంటే ఆ రూపకల్పన ఎంత చక్కనిదో తెలుస్తుంది. తరవాతి కాలంలో విద్యుత్ వించ్‌లతో వార్న్ పేరు మరింత వ్యాపించింది.

భారతదేశంలో

రెండో ప్రపంచ యుద్ధం కోస్తా ఆంధ్ర జిల్లాలనూ తాకింది. తాడేపల్లిగూడెంలోని విమానాల పాత రన్‌వే ఆ కాలం నాటిదే. మిత్రపక్ష సేనలతో జీపు భారతదేశానికి వచ్చింది. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించింది. 1949 నుంచి ముంబైలోని మజగావ్‌లో జీపులను కూర్చింది. సీజే-3బీ నమూనా అమెరికాలో 1968లో ఆగిపోయినా, ఎత్తయిన బానెట్ ఉన్న ఆ రూపం ఇక్కడ మరికొన్ని దశాబ్దాలు బతికింది. పెట్రోలు ఇంజిన్ స్థానంలో డీజిల్ వచ్చింది. 1980లలో పెజో డీజిల్ ఇంజిన్‌తో ఎంఎం 540 వెలువడింది. తాలూకా ఆఫీసర్ల బండి, ఎన్నికల ప్రచారం బండి, ఏజెన్సీ గ్రామాలకు మనుషుల్ని చేరవేసే బండి, అన్నీ ఈ జీపే.

సైన్యం నుంచి, ప్రభుత్వ శాఖల నుంచి వేలంలో బయటికొచ్చిన పాత జీపుల్లో చాలావాటికి డ్రైవ్ ఫ్లాంజిలే ఉండేవి. వాటిని కొన్నవారు ఫ్రీ వీల్ హబ్‌లు సంపాదించి బిగించుకునేవారు. బిగించే ముందు షాఫ్ట్ చివర పళ్ల లెక్క సరిపోవాలి, బోల్టు రంధ్రాలు కలవాలి. పాత విల్లీస్ సంప్రదాయపు షాఫ్టులకు 10 పళ్లు, హబ్‌కు ఆరు బోల్టులు. ఇవి కుదిరితే మిగతా పని ఒక పూటలో అయిపోతుంది. ఫ్లాంజి తీసి, సర్‌క్లిప్ విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించడమే. కుదరకపోతే లేత్ షాపుకు వెళ్లక తప్పదు.

1985 డిసెంబరులో వచ్చిన మారుతి జిప్సీ చేతి హబ్‌లను చాలామంది డ్రైవర్లకు పరిచయం చేసింది. పోలీసు, అటవీ శాఖల డ్రైవర్లలో ఒక తరం ముందు చక్రాల నాబులు తిప్పడం ఈ బండి మీదే నేర్చుకుంది.

ఆటోమేటిక్ హబ్‌లు, తిరుగు ప్రయాణం

1980ల నుంచి జపాన్, అమెరికా బండ్లలో ఆటోమేటిక్ హబ్‌లు పెరిగాయి. బండి దిగకుండానే ఫోర్ వీల్ వేయవచ్చన్నది వాటి ఆకర్షణ. వీటిలో ఒక రకం షాఫ్ట్ నుంచి తిరిగే బలం అందగానే లోపలి క్యామ్ జరిగి కలుస్తుంది, విడిపోవడానికి బండిని ఆపి కొద్ది దూరం వెనక్కి నడపాలి. మరో రకం ఇంజిన్ నుంచి గొట్టం ద్వారా వచ్చే వాక్యూమ్‌తో కలుస్తుంది. మొదటి రకానికి బురద పెద్ద పరీక్ష. కూరుకున్న బండిని డ్రైవరు ఫస్ట్ గేరులో ముందుకు, రివర్సులో వెనక్కి ఊపుతాడు. దిశ మారిన ప్రతిసారీ హబ్ విడిపోయి, మళ్లీ దెబ్బతో కలుస్తుంది. ఆ దెబ్బలకు లోపలి ముక్కలు విరుగుతాయి. వాక్యూమ్ రకంలో సీలు గాని గొట్టం గాని చెడితే గాలి లీకై హబ్ కలవదు.

మహీంద్రా 2010లో విడుదల చేసిన థార్ సీఆర్‌డీఈలో ఆటోమేటిక్ హబ్‌లే ఉన్నాయి. అడవి దారుల్లో, వాగుల్లో నడిపే యజమానులు కొందరు వాటిని తీసి చేతి హబ్‌లు బిగించుకున్నారు. బ్రెజిల్‌కు చెందిన ఏవీఎం హబ్‌లు ఇందుకు పేరుపొందాయి. 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీలో హబ్‌లు వాక్యూమ్‌తో పనిచేస్తాయి.

ఎత్తు పెంచిన బండ్లు

పెద్ద టైర్ల కోసం, నేలకు అందకుండా ఉండటం కోసం స్ప్రింగుల ఎత్తు పెంచడం ఈ బండ్ల యజమానులకు ఇష్టమైన మార్పు. ఎత్తు పెరిగితే ట్రాన్స్‌ఫర్ కేసు పైకి పోతుంది, యాక్సిల్ కిందే ఉంటుంది. మధ్యనున్న ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలు అవుతుంది. దాని చివర్ల క్రాస్ జాయింటు ఒంపులో తిరిగేటప్పుడు వేగం నిలకడగా ఉండదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. ఒంపు పెరిగేకొద్దీ ఈ హెచ్చుతగ్గులు పెరిగి, రోడ్డు వేగంలో వణుకుగా బయటపడతాయి. స్టీరింగ్ నిలకడ కోసం యాక్సిల్‌ను కొద్దిగా తిప్పి క్యాస్టర్ సరిచేస్తే పినియన్ వైపు కోణం మరింత చెడుతుంది.

చేతి హబ్ ఈ చిక్కును మొత్తంగా తీర్చదు, కానీ రోడ్డు మీద దాన్ని నిద్రపుచ్చుతుంది. హబ్‌లు ఫ్రీలో పెడితే ముందు షాఫ్ట్ తిరగదు, తిరగని షాఫ్ట్ వణకదు. బురదలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు లాక్ వేసుకుంటే ఆ వేగంలో వణుకు లెక్కలోకి రాదు. ఎత్తు పెంచిన ట్రక్కులకు చేతి హబ్‌లు బిగించడానికి అసలు కారణం ఇది. చక్రం బేరింగు ఒకే సీలు ముద్దగా వచ్చే కొత్త తరం అమెరికన్ ట్రక్కుల్లో మాత్రం ఈ మార్పు ఖరీదైనది. హబ్‌తో పాటు స్పిండిల్, బేరింగులు కూడా మార్చాలి.

భారతదేశంలో ఎత్తు పెంచడానికి చట్టం అడ్డు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది.

కొల్లేరు సీమ

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు సరస్సు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీరు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 1970ల తరవాత చేపల చెరువులు సరస్సును కమ్ముకుంటూ వచ్చాయి. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం +5 కాంటూరు లోపలి చెరువు గట్లను తెగ్గొట్టించింది. కైకలూరు, ఆకివీడు చుట్టూ చెరువుల సాగు ఇప్పటికీ విస్తారమే.

ఫ్రీ వీల్ హబ్ ఎందుకో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల పక్కనే 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. దాని మీద బండి గంటల తరబడి వేగంగా నడుస్తుంది. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే నల్ల రేగడి గట్లు, ఒండ్రు, లంక గ్రామాల దారులు. ఎండలో ఇనుములా బిగిసే ఆ మట్టి వాన పడిందంటే టైరు గాళ్లలో నిండిపోయి, చక్రాన్ని నున్నటి ముద్దగా మారుస్తుంది. వరద ముదిరితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికీ నీరెక్కుతుంది. ఒకే రోజులో రెండు రకాల నేల మీదా నడవాల్సిన బండికి ముందు చక్రాలను కలిపే, విడదీసే వీలు విలాసం కాదు.

గట్టు మీద మేత బస్తాలు, చేపల ట్రేలు మోసే బరువు పని ఎక్కువగా ట్రాక్టరుదే. జీపు మనుషుల బండి. రేగడి గట్టు ఎక్కకముందే, గట్టి నేల మీద ఉండగానే హబ్‌లు లాక్ చేసుకోవాలి. కూరుకున్నాక దిగితే మోకాలి లోతు బురదలో నాబు కోసం తడుముకోవాల్సి వస్తుంది. తిరిగి తారు ఎక్కగానే ముందు ఫోర్ వీల్ లీవరు తీసి, ఆపైన హబ్‌లు విడదీయాలి. గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిరిగితే ముందు, వెనుక యాక్సిళ్లు ఒకదాన్నొకటి మెలిపెడతాయి.

ఉప్పుటేరు వైపు నీటిలో ఉప్పు ఉంటుంది. నాబు వెనుక రబ్బరు రింగు ఎండిపోతే ఆ నీరు లోపలికి దిగి గ్రీజును తెల్లటి పాలలా మారుస్తుంది, స్ప్రింగుకు తుప్పు పడుతుంది. మునిగిన బండి హబ్‌లను వెంటనే విప్పి, కడిగి, ఆరబెట్టి, పలచగా గ్రీజు పూసి బిగించాలి. గ్రీజు దట్టంగా కుక్కితే జారుడు రింగు కదలదు. ఎండాకాలంలో ఫోర్ వీల్ అవసరం లేకపోయినా నెలకొకసారి హబ్‌లు లాక్ చేసి కొద్ది దూరం నడపడం మంచిది. క్రౌన్ కదిలి, ముందు యాక్సిల్ పై భాగానికి నూనె అందుతుంది.