సభకెక్కిన గుడ్డు

మా కాలనీ మహిళా మండలికి ఏడాదికోసారి పెద్ద సమావేశం జరుగుతుంది. దానికి నెల ముందు ఇంకో చిన్న సమావేశం. ఎందుకంటారా? పెద్ద సమావేశంలో ఏం మాట్లాడుకోవాలో తేల్చుకోవడానికి! నిరుడు ఆ తేల్చుకోవడానికే రెండు గంటలు పట్టింది. ఒకావిడ ఊరగాయల పోటీ అంది. ఇంకొకావిడ యోగాసనాలంది. "కుళాయి నీళ్ళు నెల్లాళ్ళుగా పచ్చగా వస్తున్నాయట, ఆ సంగతి చూద్దామా?" అని ఓ మూల నించి సన్నని గొంతు వినిపించింది గానీ, అప్పటికే కాఫీలు వచ్చేశాయి.

ఈ తంటా మనకే కాదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకీ ఉంది. అమెరికాలో మిడ్‌వెస్ట్ అనే ప్రాంతంలోని రాష్ట్రాల్లో చేపలూ, పక్షులూ, అడవి జంతువుల మంచిచెడ్డలు చూసే ఉద్యోగులూ, ప్రొఫెసర్లూ ఏటా ఒకచోట కలుస్తారు. సభకి నెలల ముందే "ఏ విషయం మీద గోష్ఠి పెడదామో చెప్పండి" అని కబురు వెళ్తుంది. ఊరికే పేరు చెబితే చాలదు. ఆ విషయం ఇప్పుడెందుకు, ఎవరెవరు మాట్లాడతారు, విన్నవాళ్ళకి ఒరిగేదేమిటి, అన్నీ రాసి పంపాలి.

చూడబోతే ఇదంతా గుమాస్తా పనే. కానీ ఒక ప్రశ్న వేళకి సభకెక్కబట్టి ఒక పక్షిజాతి బతికి బట్టకట్టింది. అదీ ఆ మిడ్‌వెస్ట్‌లోనే, విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ నగరంలో.

ఆ పక్షి బైరి డేగ. పై నించి రెక్కలు ముడుచుకుని వేట మీదికి దూకిందంటే గంటకి 300 కిలోమీటర్ల వేగం దాటుతుంది. చలికాలంలో మన దేశానికీ వలస వస్తుంది. అమెరికాలో దాని గురించి బాగా తెలిసిన మనిషి జోసెఫ్ హిక్కీ. మాడిసన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. తూర్పు రాష్ట్రాల్లో ఈ డేగలు ఎక్కడెక్కడ గూళ్ళు పెడుతున్నాయో 1942లోనే వ్యాసం రాశారు.

1962లో ఇథకా నగరంలో పక్షిశాస్త్రవేత్తల అంతర్జాతీయ మహాసభ జరిగింది. అక్కడ హిక్కీ చెవిన ఓ మాట పడింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ ఏడు ఒక్క బైరి డేగ పిల్ల కూడా గూడు విడిచి ఎగరలేదట!

"అట" అన్నారు చూశారూ, అక్కడుంది చిక్కు. మన ఇళ్ళల్లో రోజుకెన్ని "అట"లు వినం? విని వదిలేస్తాం. హిక్కీ వదల్లేదు. 1964లో ఇద్దరు మనుషుల్ని గూళ్ళు చూసి రమ్మని పంపారు. వాళ్ళు కొండచరియలన్నీ గాలించి, పాత లెక్కల్లో ఉన్న 133 గూళ్ళ దగ్గరికీ వెళ్ళారు. ఎన్నింట్లో డేగలు కాపురం ఉన్నాయనుకున్నారు? ఒక్కదాంట్లో కూడా లేవు!

ఇక "అట" పోయి "ఉంది" వచ్చింది. హిక్కీ 1965లో మాడిసన్‌లో ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ సభ పెట్టించారు. విషయం ఒక్కటే: బైరి డేగలు ఏమైపోతున్నాయి? పండితుల్నే కాదు, డేగల్ని మచ్చిక చేసి వేటకి వాడేవాళ్ళనీ పిలిచారు. పిల్లల్ని గూళ్ళలోంచి ఎత్తుకుపోయేది వాళ్ళేనని అనుమానించేవాళ్ళు లేకపోలేదు. అయినా పిలిచారు. డేగ సంగతి వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇంగ్లండు నించి డెరెక్ రాట్‌క్లిఫ్ వచ్చాడు. ఆయన కథ మరీ విచిత్రం. అక్కడ పందెం పావురాలు పెంచేవాళ్ళు, డేగలు ఎక్కువైపోయి మా పావురాల్ని తినేస్తున్నాయని ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. సరే, లెక్క తీద్దామని చూస్తే, ఎక్కువవడం మాట దేవుడెరుగు, డేగలే కరువైపోతున్నాయి! ఏళ్ళ తరబడి గూళ్ళల్లో చితికిన గుడ్లు కనిపిస్తున్నాయని రాట్‌క్లిఫ్ సభలో చెప్పాడు.

నాటకం బాగాలేకపోతే జనం విసిరే గుడ్ల సంగతి మనకి తెలుసు. ఈ సభకొచ్చిన గుడ్డు మాత్రం అందరినీ ఆలోచనలో పడేసింది.

రాట్‌క్లిఫ్ ఇంటికెళ్ళి పాత గుడ్ల పెట్టెలు తెరిపించాడు. వెనకటి రోజుల్లో సరదా కోసం గూళ్ళ నించి గుడ్లు ఏరి, సొన తీసేసి, పెంకులు దాచుకునేవారు కొందరు. పాడు అలవాటే. కానీ ఆ పెంకులే సాక్ష్యమిచ్చాయి. ఇంచుమించు 1947 నించి పెంకు పల్చబడిందని ఆయన 1967లో ప్రకటించాడు. మరుసటేడు హిక్కీ, ఆండర్సన్ అనే సహచరుడితో కలిసి, అమెరికాలో 1,700 పైచిలుకు గుడ్లు పరీక్షించి అదే మాట చెప్పారు. అక్కడా 1947 నించే మొదలు. కొన్ని పక్షుల్లో పెంకు మందం 19 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా పడిపోయింది.

1947 ప్రాంతాల్లో కొత్తగా వచ్చిందేమిటి? డి.డి.టి. మా చిన్నప్పుడు మలేరియా వాళ్ళొచ్చి గోడలకి కొట్టి, తలుపు పక్కన తేదీ రాసిపోయేవారే, ఆ మందే. మలేరియా నించి ఎన్నో ప్రాణాలు కాపాడిన మాటా నిజమే. దాని గుణం కనిపెట్టినందుకు పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ పొలాల మీదా, చెట్ల మీదా కుమ్మరించేసరికి పురుగు నించి పిట్టకీ, పిట్ట నించి డేగకీ ఎక్కింది. తల్లి ఒంట్లో చేరి పెంకుకి సున్నం సరిగా పట్టనివ్వలేదు. తల్లి గుడ్లు పొదగడానికి కూర్చుంటే, ఆ తల్లి బరువుకే గుడ్డు చితికిపోయేది. అంతకన్నా ఘోరం ఉంటుందా?

అమెరికా ప్రభుత్వం 1972లో పంటల మీద డి.డి.టి. వాడకం ఆపేసింది. డేగల్ని పెంచిన అనుభవమున్నవాళ్ళే వాటిని పంజరాల్లో పొదిగించి, పిల్లల్ని పెంచి, కొండల మీద వదిలారు. అనుమానించిన చేతులే అన్నం పెట్టాయన్నమాట. 1999లో, అంతరించే జీవుల జాబితా నించి బైరి డేగ పేరు తీసేశారు.

నాకు ఇందులో నచ్చింది ఆ సభ వైభవం కాదు. "అట" అన్న మాటని విని, వెళ్ళి చూసి, లెక్క పట్టుకొచ్చి, అప్పుడు సభ పెట్టండని అడగడం. మిట్టవాళ్ళనీ పల్లంవాళ్ళనీ, తప్పు మోపినవాళ్ళనీ మోయినవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టడం.

వచ్చే నెల మళ్ళీ మా చిన్న సమావేశం. ఆ సన్నని గొంతావిడ ఇంటికి నిన్న వెళ్ళాను. వారం రోజుల కుళాయి నీళ్ళు ఏడు సీసాల్లో పట్టి, తేదీలు వేసి కిటికీలో పెట్టి ఉంచింది.

"ఊరగాయల జాడీల పక్కన ఇవీ పెడదామా, వదినా?" అంది నవ్వుతూ.

ఈసారి కాఫీలు కాస్త ఆలస్యంగా తెమ్మని చెప్పాను.