బొమ్మల కొలువులో లారీ



నవరాత్రులు దగ్గరపడగానే మన మైలాపూరు ఉత్తర మాడవీధి నిండా బొమ్మలే. దశావతారాలు, పెళ్ళి ఊరేగింపు, పప్పులూ బియ్యమూ ముందు పోసుకుని కూర్చున్న చెట్టిగారి జంట. ఇళ్ళలో కొలువు మెట్లు దేవుళ్ళవి, మెట్ల కింద నేల మాత్రం పిల్లలది. అక్కడ వాళ్ళు ‘పార్కు’ కడతారు. ఇసుక పోసి, ఆవాలు మొలిపించి పచ్చిక చేసి, అద్దం ముక్క పెట్టి చెరువు అంటారు. చెరువు పక్కన రోడ్డు, రోడ్డు మీద బస్సు, లారీ. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆయుధపూజనాడు, వాకిట్లో అసలు బండ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. లోపల చిన్న బండికీ బయట పెద్ద బండికీ ఒకే పండగలో మర్యాద జరుగుతుంది.

ఈసారి ఆ రెండు బండ్ల గురించే రాయాలనుకున్నాం. కొలత తప్పకుండా చేత్తో చిన్న లారీలు కట్టే సరదా ఒకటి. మూలపడిన పాత బండిని మళ్ళీ నడిపించే సరదా ఇంకొకటి. పట్నంలో తీరిక ఉన్నవాళ్ళ వ్యాపకాల్లా కనిపిస్తాయి కానీ, ఈ రెండింటి వేళ్ళూ పొలం గట్టున ఉన్నాయి.

రైతు ఇంట్లో బండి కొనేసి వాడుకుని పారేసే వస్తువు కాదు. ఇరుసు అరిగితే వడ్రంగి దగ్గరికి, చక్రం పట్టా వదులైతే కమ్మరి కొలిమికి తీసుకెళ్ళాలి. ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, కర్ర చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తే అది చల్లారి బిగుసుకుంటుంది. ఆ పని చూస్తూ పెరిగిన పిల్లవాడికి ఇనుము వేడికి సాగుతుందనీ, చల్లారితే ముడుచుకుంటుందనీ బడికి వెళ్ళకముందే తెలుసు. తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసుకుని వీధంతా తిప్పేదీ ఆ పిల్లవాడే. కొండపల్లి వాళ్ళు తెల్ల పొణికి కర్రతో చేసే ఎడ్లబండి బొమ్మను చూడండి. కాడి, నొగలు, చక్రం ఆకులు అన్నీ వాటి చోట్లలో ఉంటాయి. ఎడ్ల తరువాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. ఇంజను మొరాయిస్తే, పట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా పైరు ఎండకుండా ఆగదు. అందుకే రైతుకు విప్పి చూడటం ముందు అవసరం, ఆ తరువాతే సరదా.

ఈ మాటకు పెద్ద సాక్ష్యం మన తమిళదేశపు తెలుగువాళ్ళలోనే ఉన్నారు. ఆయనే జి.డి. నాయుడు. పూర్తిపేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయింది. బడి చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. ఒకరోజు ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద ఆ వైపు వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా కదిలే బండిని చూశాక కుర్రవాడికి పొలం పనిలో మనసు నిలవలేదు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వరుగా చేరి, జీతం కూడబెట్టి, కొన్ని వందల రూపాయలతో ఆ బండినే కొన్నారు.

కొన్న తరువాత చేసిన పని ఇంకా గొప్పది. దాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించారు. నేర్పే గురువు లేడు, చదివే పుస్తకం లేదు. ఏ మర ఎక్కడిదో గుర్తుపెట్టుకుని, ఏది తిరిగితే ఏది కదులుతుందో చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు పాత బండ్లను బాగుచేసేవాళ్ళు చేసే పని అదే. విప్పడం ఎవరైనా చేస్తారు. తిరిగి కట్టేటప్పుడు గిన్నెలో ఒక్క నట్టు కూడా మిగలకుండా ఉండటంలోనే విద్య ఉంది.

1920లో, కోయంబత్తూరులో పరిశ్రమలు నడిపిన రాబర్ట్ స్టేన్స్ చేయూతతో, నాయుడుగారు ఒక బస్సు కొని పొల్లాచి, పళని మధ్య తామే నడిపారు. అదే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి తయారుచేసిన విద్యుత్తు మోటారును మన దేశంలో తయారైన తొలి మోటారుగా చెబుతారు. ఇంకా బ్యాటరీతో నడిచే క్షవరపు యంత్రం, పలుచని బ్లేడు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను వచ్చాయి. ఇన్ని యంత్రాల మధ్య పొలం వదలలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద సొంత తోటలో ప్రయోగాలు చేశారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య లాంటివాళ్ళు ఆ తోట చూడటానికి వచ్చారు.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలు. తయారీకి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది.

1952 అనగానే మైలాపూరు తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది వేరే సంగతి. ఆ డిసెంబరు 15న, ఇక్కడి రాయపేట హైరోడ్డు ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు ప్రాణం వదిలారు. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ త్యాగానికి మనం చేతులెత్తి మొక్కుతాం. అయితే సరిహద్దు గీశాక చరిత్ర కూడా రెండుగా చీలింది. గీతకు అటు ఉన్నవాళ్ళు తెలుగు చరిత్రలోకి వెళ్ళారు, ఇటు మిగిలినవాళ్ళు తమిళనాడు చరిత్రలోకి. నాయుడుగారిని కోయంబత్తూరు బాగానే గుర్తుపెట్టుకుంది. అవినాశి రోడ్డులో ఆయన పేర ప్రదర్శనశాల ఉంది, ఆ మోటారు సైకిలు అక్కడే ఉంది. 2015లో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. 2025 అక్టోబరులో అదే రోడ్డు మీద పది కిలోమీటర్లు దాటిన పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. మన తెలుగు ఇళ్ళలో, మన సంఘాల సభల్లో ఆయన పేరు తలిచేవాళ్ళు మాత్రం తక్కువ. 1974 జనవరి 4న ఆయన పోయారు. యాభై ఏళ్ళు దాటింది.

మన మద్రాసుకూ బండ్ల చరిత్ర తక్కువేమీ కాదు. మౌంట్ రోడ్డులో మనం రోజూ చూసే సింప్సన్ సంస్థ 1840లో గుర్రపు బండ్లు కట్టడంతో మొదలైంది. 1903లో అక్కడి ఇంజనీరు శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరితో నడిచే కారు కట్టాడు. విక్టోరియా పబ్లిక్ హాలు కట్టిన మన తాటికొండ నంబెరుమాళ్ చెట్టిగారికి, ఈ ఊళ్ళో సొంత కారు ఉన్న తొలి భారతీయుడని పేరు. 1948లో ఎన్నూరులో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. అక్కడి కామెట్ లారీలు, 1954లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో మొదలైన టాటా ముక్కు లారీలు మన పెద్దవాళ్ళ కళ్ళలో ఇంకా తిరుగుతుంటాయి. నెల్లూరు బియ్యం, గుంటూరు మిరపకాయలు కొత్తవాల్ చావడికి చేరింది వాటి మీదే.

ఆ లారీలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?

కార్లకు దిక్కు ఉంది. ధనవంతుల ఇళ్ళలో షెడ్లు ఉన్నాయి, ఏటా ర్యాలీలు జరుగుతాయి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండికి ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. మంచి ఏర్పాటే. కానీ అది సొంతానికి వాడుకునే రెండు చక్రాల బండ్లకూ కార్లకూ మాత్రమే. లారీకి, బస్సుకు అందులో చోటు లేదు. బరువు మోసి, రోడ్ల మీద అరిగిపోయి, చివరికి అది చేరేది తుక్కు అంగడికే. మన పుదుపేటకు వెళ్ళి చూడండి. గేరుపెట్టె ఒక గుట్ట, కమాను పట్టీలు ఇంకో గుట్ట, హెడ్‌లైట్లు ఇంకొకటి. పాత బండిని బతికించాలనుకునేవాడికి ఆ వీధి సంజీవని పర్వతం. అక్కడికి లారీగా వచ్చింది మళ్ళీ లారీగా బయటికి పోదన్నదే బాధ.

అందుకే చిన్న లారీ కట్టే రైతు చేసేది పిల్లల ఆట కాదంటాం. అసలు బండి మిగలనప్పుడు దాని కొలతలు మిగిల్చేది ఆ బొమ్మే.

ఇది మన దగ్గరే ఉన్న పిచ్చి కాదు. అమెరికాలో అయోవా రాష్ట్రపు డుబ్యూక్ ఊళ్ళో 1945లో ఫ్రెడ్ ఎర్ట్‌ల్ అనే ఆయన, ఇంట్లోనే లోహం కరిగించి బొమ్మ ట్రాక్టర్లు పోతపోశాడు. అది పెద్ద కంపెనీ అయింది. దగ్గర్లోని డయర్స్‌విల్ ఊళ్ళో పొలం బండ్ల బొమ్మలకే ఒక జాతీయ మ్యూజియం ఉంది. బ్రిటన్‌లో పొలం బండ్ల బొమ్మలు ఎక్కువగా 1:32 కొలతలో చేస్తారు. అంటే అసలు బండిలో 32 అంగుళాలు బొమ్మలో ఒక అంగుళం.

ఈ లెక్క మన కొలువుకు అతికినట్టు సరిపోతుంది. ఇరవై నాలుగు అడుగుల లారీ తొమ్మిది అంగుళాల బొమ్మ అవుతుంది. ఎనిమిది అడుగుల వెడల్పు మూడు అంగుళాలు. అడుగు వెడల్పున్న కొలువు మెట్టు మీద హాయిగా నిలుస్తుంది. లారీ టైరు నిలువు సుమారు 40 అంగుళాలు, అంటే బొమ్మలో అంగుళంపావు. కూల్‌డ్రింకు సీసా రేకు మూత వెడల్పు ఇంచుమించు అంతే. వెనక జంట చక్రాలకు మూతలు జతచేస్తే సరి. రెండు పొడుగు కమ్మీలు, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డకమ్మీలు పెడితే ఛాసీ. వాచీ స్ప్రింగు ముక్కలు దొంతరగా కడితే కమాను పట్టీలు. రేకు డబ్బా కత్తిరిస్తే క్యాబిన్. బాడీకి మాత్రం కర్రే వాడాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన పనివాళ్ళు చెక్క మీద పూలు, నెమళ్ళు, యజమాని పిల్లల పేర్లు రాసేవాళ్ళు కదా, ఆ రాత కూడా కొలత ప్రకారం దించాలి. అప్పుడే అది ఫలానా లారీ అవుతుంది.

పెద్ద బండి బాగుచేసే పద్ధతిదీ ఇదే ఓపిక. ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజను పట్టేసి ఉంటుంది. తొందరపడి స్టార్టు చేస్తే లోపల గీతలు పడతాయి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో మెల్లగా తిప్పాలి. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి, విప్పకముందే ఫోటో తీయాలి. ముందు బ్రేకులు సరిచేయాలి, రంగు చివరికి వేయాలి. రంగు మీద మోజుతో మొదలుపెట్టిన బండ్లు చాలావరకు షెడ్డులోనే మిగిలిపోతాయి.

మనలో చాలామందికి పొలాలు నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల్లో ఉన్నాయి. కొందరివి ఇక్కడే తిరువళ్ళూరు వైపు, కోయంబత్తూరు వైపు ఉన్నాయి. ఆ కళ్ళాల పక్కన, చింతచెట్ల కింద ఏదో ఒక పాత లారీ, ట్రాక్టరు, జీపు తుప్పుపట్టి ఉండే ఉంటుంది. తుక్కువాడికి తూకానికి ఇచ్చేముందు ఒక పూట ఆగండి. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు దూరం రాసుకోండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. నంబరు పలక, బాడీ మీది రాతలు, అది ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఏ సరుకు మోసిందో నడిపిన పెద్దాయనను అడిగి రాయించండి. ఆయన చెప్పగలిగినప్పుడే అడగాలి.

ఈ నవరాత్రులకు మన సంఘం కొలువులో ఒక మెట్టు ఖాళీగా ఉంచుతున్నాం. అంగట్లో కొన్న ప్లాస్టిక్ బండ్లు అక్కడికి వద్దు. మీరో, మీ పిల్లలో, ఊళ్ళో ఉన్న మీ బాబాయో మామయ్యో చేత్తో కట్టిన లారీ, బస్సు, ఎడ్లబండి ఏదైనా తీసుకురండి. పక్కన చీటీ మీద రెండు వాక్యాలు రాయండి, అది ఎవరి బండికి నమూనా, ఎక్కడ తిరిగింది అని. తాటిబుర్రల బండి అయినా సరే, మెట్టు మీద చోటు ఉంది. చెట్టిగారి జంటను మాత్రం కాస్త పక్కకు జరుపుతాం. వాళ్ళ ముందున్న బియ్యం, పప్పులు వచ్చింది కూడా లారీ మీదే కదా!