రోమ్ నుంచి వచ్చిన రెబెక్కా, తిరిగిరాని బేరార్



ఈ రోజుల్లో యూరప్ చూడాలంటే టికెట్లు, హోటళ్లు అన్నీ ట్రావెల్స్‌వారే చూసిపెడతారు. నూటయాభై ఏళ్ల కిందటా అలాంటివారు ఉన్నారు. థామస్ కుక్ కంపెనీ 1864 నుంచే యాత్రికులను ఇటలీకి తీసుకువెళ్లేది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బొంబాయి నుంచి యూరప్‌కు ఓడ దారి బాగా దగ్గరయింది. 1876 ఏప్రిల్‌లో హైదరాబాదు దివాన్ మొదటి సాలార్‌జంగ్ బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పుడు మన దెగ్లూరు నిజాం రాజ్యంలోదే. కనుక ఆయన మనకూ దివానే.

అది ఊరికే చేసిన విహారయాత్ర కాదు. కంటింజెంట్ సైన్యం ఖర్చుల కింద 1853లో నిజాం బేరార్‌ను ఆంగ్లేయులకు అప్పగించవలసి వచ్చింది. మరాఠీవారు వర్హాడ్ అనే పత్తి సీమ అది. ఆ ఒప్పందం జరిగిన కొద్దిరోజులకే, ఇరవైనాలుగేళ్ల వయసులో సాలార్‌జంగ్ దివాన్ అయ్యారు. బేరార్‌ను తిరిగి తేవాలన్నది ఆయన జీవితకాలపు పట్టుదల.

దారిలో ఆయన రోమ్‌లో ఆగారు. ఎంతో పురాతనమైన ఆ నగరం కొత్త ఇటలీకి రాజధాని అయ్యి అప్పటికి అయిదేళ్లే. అక్కడ బెంజోనీ అనే శిల్పి చెక్కిన పాలరాతి రెబెక్కాను కొన్నారు. రాతి మేలిముసుగు వెనుక ముఖం కనిపించే బొమ్మ అది. తరువాత పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. అయినా ఇంగ్లండు చేరారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది, లండన్ నగరం పౌరసత్వ గౌరవం ఇచ్చింది. బేరార్‌ను మాత్రం ఎవరూ ఇవ్వలేదు. 1883లో ఆ కోరిక తీరకుండానే ఆయన కన్నుమూశారు. 1902లో కర్జన్ దానిని శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు.

1956 నవంబరు 1న రాష్ట్రాల హద్దులు మారాయి. జుక్కల్, బిచ్కుంద ప్రాంతాలు దెగ్లూరు తాలూకా నుంచి విడిపోయి నిజామాబాదు జిల్లాలో కలిశాయి. ఇప్పుడవి కామారెడ్డి జిల్లాలో ఉన్నాయి. దెగ్లూరు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. అదే రోజున బేరార్ కూడా ఆ రాష్ట్రంలోకే వచ్చింది. దివాన్‌గారు హైదరాబాదుకు తేలేకపోయిన సీమా, హైదరాబాదును విడిచిన మన ఊరూ ఇలా ఒకే గూటికి చేరాయి. 1960 నుంచి రెండూ మహారాష్ట్రలోవే.

హైదరాబాదు వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో రెబెక్కాను చూడండి. అది ఏ పని మీద వెళ్లినవారు తెచ్చిన బొమ్మో పక్కనున్న పిల్లలకు చెప్పండి.