పనిముట్ల పునర్లేఖనము: జగ్గయ్యపేట శాసనముల సాక్ష్యము

ఒక భాషలో నిలదొక్కుకొన్న పనిముట్టును క్రొత్తభాషలో తిరిగి వ్రాయుట మేలా, పాతదానినే కాపాడుకొనుట మేలా యను చర్చ నేఁడు కంప్యూటరు శాస్త్రజ్ఞులలో విశేషముగా జరుగుచున్నది. మూలలేఖనమును దాఁపక యెల్లరకును విడిచిపెట్టు ఓపెన్ సోర్స్ పనిముట్ల విషయమున నీ చర్చ పుట్టినది. ప్రశ్న మాత్రము ప్రాచీనమైనదే. భాషయు లిపియు మాఱుచుండఁగా పూర్వుల నిర్మాణము నెట్లు నిలుపవలెనను చింత కృష్ణామండలపు మెట్టసీమలో వేయేండ్లకు మున్నే కలదని జగ్గయ్యపేట శాసనములు తెలుపుచున్నవి.

పూర్వము నందిగామ తాలూకాలోనిదై, నేఁడు ఎన్.టి.ఆర్. జిల్లాకుఁ జెందిన జగ్గయ్యపేట చెంత గుట్టపై బౌద్ధస్తూప మొకటి కలదు. అందలి కొన్ని పలకలమీఁది లేఖనముల లిపి క్రీస్తుపూర్వపుది. పిమ్మట క్రీ.శ. 3వ శతాబ్దమున, ఇక్ష్వాకు వంశజుఁడగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమున, సిద్ధార్థుఁడను శిల్పి వేలగిరియందలి బుద్ధుని మహాచైత్యమునకు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములు నిలిపెను. ఈ సంగతి ప్రాకృతమున మూఁడు ప్రతులుగాఁ జెక్కఁబడినది. శిల్పి తండ్రి పేరు, నివాసగ్రామము, స్తంభముల సంఖ్య, ద్వారపు దిక్కు అన్నియు నందుఁ గలవు. మఱికొన్ని శతాబ్దములకు అచ్చటనే బుద్ధప్రతిమమీఁది శాసనము సంస్కృతమున వెలసినది. నాగార్జునాచార్యుని శిష్యుఁడు జయప్రభాచార్యుఁడు, ఆతని శిష్యుఁడు చంద్రప్రభుఁడు ఆ ప్రతిమను జేయించెనని యందున్నది.

ఇందు రెండంశములు గమనింపఁదగినవి. ప్రాకృతము పోయి సంస్కృతము వచ్చినను చైత్యమునకు వచ్చువాని ప్రయోజనము మాఱలేదు. రెండవది, ప్రతికార్యమునకును బాధ్యుని పేరు కలదు. ఆ పేరు వెనుక పరంపర కలదు. ఆ పరంపర తెగిన పిదప చైత్యమును జూచువారు లేకపోయిరి. 1882లో బర్జెస్ పండితుఁడు పరిశోధించునాఁటికి అది శిథిలమైన దిబ్బ. ఱాయి చెడుటకంటె కావలి లేకపోవుటయే యెక్కువ చేటు.

ఈ న్యాయమును నేఁటి తెలుఁగు వ్రాఁతపనిముట్లకు అన్వయించి చూతము. 1990వ దశకారంభమున, తెలుఁగు లిపి లేని యంత్రములపై తెలుఁగు వ్రాయుటకై, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావుగారు, ఆనంద కిశోర్ గారు ఒక లిప్యంతరీకరణ పద్ధతిని గల్పించిరి. అదియే ఆర్.టి.ఎస్. ఇందు ఇంగ్లీషు చిన్న టీ తకారమునకు, పెద్ద టీ టకారమునకు గుర్తు. 'జగ్గయ్యపేట' వ్రాయువాఁడు తుదను చిన్న టీ నొక్కినచో 'జగ్గయ్యపేత' యగును. 'నందిగామ' వ్రాయువాఁడు పెద్ద డీ నొక్కినచో 'నండిగామ' యగును. ఇట్టి నియమములు వాడుకరుల వ్రేళ్లకు అలవడినవి.

తరువాత వెన్న నాగార్జునగారు 'పద్మ' యను పనిముట్టును జావాస్క్రిప్టు భాషలో రచించి, మూలలేఖనముతో నెల్లరకు నొసఁగిరి. పత్రికలు తమతమ ప్రత్యేక లిపులలోఁ బ్రకటించిన తెలుఁగును అది యూనికోడునకు మార్చెడిది; ఆర్.టి.ఎస్. వ్రాఁతను సైతము మార్చెడిది. 2006లో వీవెన్ గారు ఆ పద్మనే యాధారముగాఁ గొని 'లేఖిని'ని నిర్మించిరి. పద్మ ఫైర్‌ఫాక్స్ విహారిణికి పొడిగింపుగా వెలసినది. 2017 నవంబరులో వెలువడిన ఆ విహారిణి 57వ సంచిక పాతతీరు పొడిగింపులను స్వీకరింపమానినది. పద్మలో దోషమేమియు లేదు. దాని క్రింది నేల మాఱినది. లేఖిని వేఱొక నేలపై నిలిచినది గనుక ఆ దెబ్బ దానికిఁ దగులలేదు. నియమములు మాత్రము ఆర్.టి.ఎస్. నాఁటివే.

ప్రపంచమున నింతకంటె పెద్ద యుదాహరణము గలదు. దస్త్రముల పట్టీ చూపుట, నకలు తీయుట, తేదీ చెప్పుట మొదలగు చిన్నపనులకై గ్నూవారు సీ భాషలో రచించిన కోర్‌యుటిల్స్ దశాబ్దములుగా నిలిచినవి. 2013లో వానిని రస్ట్ భాషలో తిరిగి వ్రాయుట ప్రారంభమైనది. స్మృతినిర్వహణలో సీ భాష యనుమతించు పెక్కుదోషములను రస్ట్ ముందే పట్టుకొనును. ఇది నిజమైన లాభము. 2025 అక్టోబరున వెలువడిన ఉబుంటు 25.10 ఈ క్రొత్తవానినే ప్రధానముగా గ్రహించినది. అంతలో నొకలోపము బయల్పడినది. దస్త్రము మార్చఁబడిన తేదీ నడిగినచో క్రొత్త పనిముట్టు నేఁటి తేదీ చెప్పెను. దానిచే యంత్రము తనంతఁ దాను నవీకరణములు వెదకుకొనుట నిలిచిపోయినది. లోపము త్వరలోనే సవరింపఁబడినది. అయినను పాఠము మిగిలినది: క్రొత్తభాష కొన్ని తప్పులనే వారింపఁగలదు, పాత యొడంబడికను దానంతట నది యెఱుఁగదు.

ఇది పండితులకుఁ బనికిరాని సంగతి యని తలఁపరాదు. గడచిన దశాబ్దములలో మన గ్రంథములు పెక్కు 'అను' మొదలగు ప్రత్యేక లిపులలోఁ గూర్పఁబడినవి. మార్చెడి పనిముట్లు చెడినచో ఆ ప్రతులు కన్నులయెదుట నుండియు చదువరానివగును. ఆకులు చిల్లులు వడిన తాళపత్రమునకును వానికిని భేదముండదు.

కావునఁ బునర్లేఖకులు మూఁడు కట్టుబాట్లు పాటింపవలెను. పాతది యిచ్చిన ఫలితములను బరీక్షగాఁ బెట్టి క్రొత్తదానిని సరిచూడవలెను. క్రొత్తది నెగ్గువఱకు పాతదానిని విడువరాదు. రచించినవాని తరువాత నెవరు చూచుకొందురో ముందే నిర్ణయింపవలెను. మొదటి రెంటిని నేర్పరి యొక్కఁడే సాధింపఁగలఁడు. మూఁడవది సంఘముయొక్క పని. విద్యాలయములును సాహిత్యపరిషత్తులును తెలుఁగు పనిముట్టు నొక్కొక్కదానిని దత్తముగాఁ గొని, విద్యార్థులకు దాని మూలలేఖనమును నేర్పినచో ఆ మూఁడవ కట్టుబాటు నెఱవేఱును.