ఒమాహా ఫర్నిచరు దుకాణము

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడుమ, మిస్సోరీ నది యొడ్డున, ఒమాహా యను నగరము గలదు. పశువుల సంతకు ఒకప్పుడు పేరు మోసిన ఊరది. 1937లో అచట ఒక నేలమాళిగలో, 500 డాలర్ల అప్పుతో, కుర్చీలు, బల్లలు, మంచములు అమ్ము కొట్టొకటి తెరువబడెను. దాని పేరు నెబ్రాస్కా ఫర్నిచర్ మార్ట్. తరువాతి కాలమున అది ఆ దేశమునందలి మిక్కిలి పెద్ద ఫర్నిచరు దుకాణములలో నొకటి యయ్యెను. దానిని స్థాపించినది ఇంగ్లీషు చదువుటయు వ్రాయుటయు రాని యొక స్త్రీ.

రోజ్ బ్లమ్‌కిన్ 1893 డిసెంబరులో, నాటి రష్యా సామ్రాజ్యమున, మిన్స్క్ నగర ప్రాంతమందలి యొక పల్లెలో యూదు కుటుంబమున జన్మించెను. తండ్రి మతగురువు. ఆయనకు ప్రార్థనలే గాని సంపాదన లేదు. తల్లి చిల్లర యంగడి నడపి ఎనిమిదిమంది బిడ్డలను సాకెను. రోజ్ బడి ముఖము చూడలేదు. ఆరవయేటినుండియే తల్లికి అంగడిలో చేదోడుగా నుండెను. పదుమూడవయేట, చెప్పుల యడుగులు అరిగిపోవునని వానిని భుజమున వ్రేలాడవేసికొని, వట్టి కాళ్లతో 18 మైళ్లు నడచి రైలెక్కి పట్టణమునకు పనికి పోయెను. పదునారవయేటికి ఒక బట్టలకొట్టులో ఆరుగురు మగవారిపై పెత్తనము చేయుచుండెను.

1914లో వివాహమైన పిమ్మట భర్త అమెరికా చేరెను. 1917లో ఆమె ఒంటరిగా సైబీరియా రైలులో బయలుదేరెను. చైనా సరిహద్దున కావలివాడు అడ్డగింపగా, సైన్యమునకు తోలు కొనుటకై పోవుచున్నాననియు, తిరిగి వచ్చునపుడు అతనికొక సారా సీసా తెత్తుననియు చెప్పి సాగిపోయెను. ఆ సీసా అతనికి చేరలేదని వేరుగ చెప్ప నక్కరలేదు. చైనా, జపాను దేశములు దాటి, వేరుసెనగ మోయు ఓడలో ఆమె అమెరికా తీరము చేరెను.

ఒమాహాలో భర్త పాత బట్టల కొట్టు నడపుచుండెను. 1930 తరువాత ఆ దేశమున వ్యాపారములు కూలిపోయి, కొనువారే కరవైరి. అపుడామె కరపత్రములు వేయించి, ఒక మనుష్యునకు తలనుండి పాదముల వరకు కావలసిన దుస్తులు 5 డాలర్లకే ఇత్తుమని చాటించెను. జనము విరుగబడి వచ్చిరి. ధర తగ్గించిన కొట్టునకు మనుష్యులు వెదకికొని వత్తురని ఆమెకు నాడే రూఢియయ్యెను. నలువదిమూడవయేట సొంతముగ ఫర్నిచరు దుకాణము పెట్టినపుడు అదే పద్ధతిని అవలంబించెను. కొన్న ధరపై నూటికి పది మాత్రము వేసికొని అమ్ముటయే ఆ పద్ధతి.

ఆరంభమున ఆమె షికాగో నగరమునకు పోయి, ముప్పది దినముల గడువుపై 12,000 డాలర్ల సరకు అరువు తెచ్చెను. గడువు దగ్గరపడెను గాని సొమ్ము సమకూడలేదు. అపుడామె తన యింటిలోని మంచములను, బల్లలను, మంచుపెట్టెను సైతము దుకాణమునకు తరలించి అమ్మివేసెను. పిల్లలు బడినుండి వచ్చి, వట్టి యిల్లు చూచి ఏడ్చిరి. అప్పిచ్చిన వారికి మాత్రము చెప్పిన దినమున సొమ్ము ముట్టెను. ఇది పిల్లలయెడ కఠినమే. అయినను, పేరు తెలియని పరదేశిని నమ్మి సరకిచ్చిన వర్తకునకు ఆ దినమున సొమ్ము చేరకుండినచో రెండవమారు సరకు దొరకెడిది కాదు.

తక్కువ ధర పోటీదారులకు కంటగింపయ్యెను. వారి యొత్తిడిచే కొందరు తయారుదారులు ఆమెకు సరకు నిలిపివేసిరి. ఆమె దూరనగరముల దుకాణదారులవద్ద వారికి కొంత లాభమిచ్చి అదే సరకును కొని తెచ్చి, మరల చవుకగనే అమ్మెను. తయారుదారు నిర్ణయించిన ధరకంటె తక్కువకు అమ్మరాదను చట్టము నాడుండుటచే ఒక తివాచీల సంస్థ ఆమెను న్యాయస్థానమున కీడ్చెను. నూటికి పది లాభము తనకు చాలుననియు, కొనువారిని దోచుకొనజాలననియు ఆమె వాదించెను. న్యాయాధిపతి అభియోగమును కొట్టివేసి, మరునాడు తానే పోయి ఆమె దుకాణమున 1,400 డాలర్ల తివాచీ కొనెను.

1950లో కొరియా యుద్ధకాలమున బేరములు పడిపోయి అప్పు తీర్చు దారి లేకపోయెను. ఒక బ్యాంకు ఉద్యోగి 90 దినముల గడువుతో 50,000 డాలర్లిచ్చెను. ఆమె నగరమందలి పెద్ద సభాభవనమును అద్దెకు తీసికొని మూడు దినములలో రెండున్నర లక్షల డాలర్ల సరకు అమ్మి బాకీలన్నియు తీర్చెను. ఆపైన ఆమె అప్పు జోలికి పోలేదు.

దుకాణమున కుమారుడు లూయీ ఆమెకు కుడిభుజము. సరకు కొనుటలో నేర్పరి, మాట మెత్తన. తల్లి కోపమున ఉద్యోగిని తీసివేసిన, కుమారుడు వానిని మరల పనిలో పెట్టుకొనుచుండెనని చెప్పుదురు. ఆ కొట్టు ఏండ్ల తరబడి నిలుచుటలో ఈ సర్దుబాటునకు గల పాలు ధరలకు గల పాలుకంటె తక్కువ కాదు. 1975లో సుడిగాలి దుకాణమును నేలమట్టము చేయగా కుటుంబము దానిని తిరిగి నిలబెట్టెను.

ఆమెకు ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు. తన తరువాత వాటాలకై వారు తగవులాడుదురను భయముచే, 1983లో దుకాణమున అధికభాగమును అదే నగరవాసి వారెన్ బఫెట్ నడపు బెర్క్‌షైర్ హాథవే సంస్థకు అమ్మెను. వెల ఐదుకోట్ల డాలర్లకు పైబడినది. సరకు లెక్కింపలేదు; ఒడంబడిక పత్రము ఒక పుటకు కొంచెము మించినది, అంతే. నిర్వహణము కుటుంబముచేతనే యుండెను.

కాగితము వాటాలను పంచిపెట్టెను గాని, కొట్టులో ఎవరి మాట చెల్లవలెనో దానిలో వ్రాసియుండలేదు. పల్లెలలో అన్నదమ్ముల పంపకములు చూచినవారు దీనిని సులభముగ గ్రహింతురు: పొలము పంచుట ఒకనాటి పని, పెత్తనము పంచుట ఏండ్ల పని. ఆమె తొంబదియేండ్లు దాటియు, చిన్న విద్యుత్తు బండిపై కూర్చుండి, తివాచీల విభాగమున తిరుగుచు బేరములు చేయుచుండెను. 1989లో ఆ విభాగపు వ్యవహారమున మనుమలు తన మాట త్రోసివేసిరని అలిగి వెడలిపోయెను. ఆమెకపుడు 95 ఏండ్లు. కొలది మాసములకే, ఆ దుకాణమున కెదురుగనే, తన పేర మరియొక దుకాణము తెరచెను. మనుమలను పత్రికలలో నిందించెను. రెండేండ్లకే ఆ క్రొత్త కొట్టు లాభములు గడించెను. మనుమలు పెంచిన వ్యాపారమునకు మూలధనమైన ఒడుపంతయు ఆమెదే. ఇపుడది వారికే ఎదురు నిలిచెను. ఆమె కోపము న్యాయమైనదే కావచ్చును గాని, దుకాణమును అమ్మినదియు, మనుమలకు పని నేర్పినదియు ఆమెయే గదా!

బఫెట్ పుష్పములతోను మిఠాయితోను ఆమె యింటికి పోయి సంధి కుదిర్చెను. 1992లో ఆ రెండవ దుకాణమును కూడ ఆ సంస్థయే కొనెను. మొదటిమారు మరచిపోయిన షరతు ఈమారు పత్రమున చేర్చిరి: ఆమె ఇకమీదట పోటీగ కొట్టు పెట్టరాదు. సంతకము చేయునాటి కామెకు దాదాపు 99 ఏండ్లు. అటుపిమ్మట ఆమె మరల తివాచీలయొద్దకే పోయెను. 103 ఏండ్ల వయసువరకు పని మానలేదు. 1998 ఆగస్టులో, 104వయేట, ఒమాహాలో కన్నుమూసెను.