గాజుపలక నుంచి సెల్‌ఫోన్ దాకా: ఉద్దానంలో కెమెరా కాలం

ఫోటో తీయడం ఒక ఎత్తు, తీసినదాన్ని దిద్దడం మరో ఎత్తు. ఈ దిద్దుబాటు సెల్‌ఫోన్‌తోనే పుట్టిందని మన కుర్రాళ్లు అనుకుంటారు. పలాస, టెక్కలి వైపు పాత ఇళ్ల గోడల మీది పెళ్లి ఫోటోలను ఓసారి దగ్గరగా చూడండి. నలుపు తెలుపు బొమ్మలో పెళ్లికూతురి పెదవులకు ఎరుపు, చీర అంచుకు పసుపు కనిపిస్తే అది కుంచెతో అద్దిన రంగు. మొహాన మచ్చ కనిపించకపోతే అది స్టూడియో ఆయన నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్ మొనతో చేసిన ‘టచింగ్’.

ఫోటో తీసే డగేర్ పద్ధతి 1839లో లోకానికి తెలిసింది. 1856కల్లా మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీ వెలిసింది. టెక్కలి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆనాడు గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. కెమెరాతో పాటు చీకటి గుడారాన్నీ మోసుకు తిరగాలి. అది తీరికా డబ్బూ ఉన్నవాళ్ల సరదా. హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరుపడ్డ రాజా దీన్‌దయాళ్ కూడా మొదట ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగే. సరదాగా పట్టుకున్న కెమెరా చివరికి ఆయన వృత్తి అయింది.

1888లో కొడాక్ చుట్ట ఫిల్ముతో వచ్చాక గాజు బరువు తీరింది. మన దగ్గర మధ్యతరగతి చేతికి కెమెరా అందింది మాత్రం అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాల కాలంలో. రోలుకు పన్నెండే ఫోటోలు. ఊటీలో ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరిట ఫిల్ము తయారు చేసేది. పన్నెండింటిలో పది ఇంట్లోవాళ్లకే పోయేవి. మిగిలిన రెండే సముద్రానికి, జీడితోటకు. ఆ రెండు నొక్కడానికి ఎంత ఆలోచించేవాళ్లమో!

తర్వాత ముప్ఫైఆరు ఫోటోల రోలు, ఎస్సెల్లార్ కెమెరా వచ్చాయి. ఔత్సాహికుడి అసలు బడి అదే. స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి, ఎర్రబల్బు పెట్టి, మూడు ట్రేలు వరసగా పేర్చేవాళ్లం: డెవలపర్, నీళ్లు, హైపో. ఎన్‌లార్జర్ వెలుతురు కాగితం మీద పడుతుండగా బొమ్మలోని పడవ దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి ఆడిస్తే పడవ తేలికపడేది. ఆకాశానికి మరో నాలుగు సెకన్ల వెలుతురు ఇస్తే మబ్బు చిక్కబడేది. ఇవాళ ఫోన్ తెర మీద వేలితో జరిపే గీతలన్నీ ఆ అరచేతి వారసులే. ఎంత దిద్దినా నెగెటివ్ మాత్రం చెక్కుచెదరకుండా కవర్లో ఉండేది.

డిజిటల్ వచ్చాక రోలు ఖర్చు తప్పింది, ఓపిక తగ్గింది. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. చలికాలంలో అక్కడ చెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కు కొంగలు గూళ్లు కడతాయి. తెల్లటి పిట్ట చుట్టూ ఉన్న ముదురాకుపచ్చ కొమ్మలను చూసి కెమెరా మోసపోతుంది. చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, ఈకలు సున్నం కొట్టినట్టవుతాయి. ఎక్స్‌పోజరు ఒక స్టాపు తగ్గించాలన్నది తెలిసినవాడి కిటుకు. తెలియనివాడు వంద నొక్కి, ఇంటికెళ్లి దిద్దుదామనుకుంటాడు. కాలిపోయిన ఈకను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి మొలిపించలేదు.

ఇక అక్కుపల్లి తీరం. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి ఉదయం సూర్యుడు పడవ వెనకే లేస్తాడు. పడవా మనుషులూ నల్లటి ఛాయలవుతారు. అందం ఆ నలుపులోనే ఉంది. ఇప్పటి ఫోన్ మాత్రం అడక్కుండానే నీడను తెల్లబరిచి, ఆకాశానికి రంగు పూస్తుంది. చాలకపోతే స్నాప్‌సీడ్, లైట్‌రూమ్ ఉండనే ఉన్నాయి. నీళ్లు నీలిమందు కలిపినట్టు, కొబ్బరాకు చిలకపచ్చగా తయారవుతాయి.

నా తప్పూ చెప్పాలి. వజ్రపుకొత్తూరు దారిలో ఓ కొబ్బరితోటను తీసి, పచ్చదనం పెంచి దాచుకున్నాను. ఫోన్‌లో చోటు చాలక అసలుది చెరిపేశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్యానవనమే ఉద్దానమైందనే ఆ నేల మీద కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాయి. తర్వాత తోట యజమాని ‘పాత ఫోటో ఉందా బాబూ’ అని అడిగితే నా దగ్గర మిగిలింది దిద్దిన బొమ్మే. ఆయన చాలాసేపు చూసి, ‘మా తోట ఇంత పచ్చగా ఎప్పుడుంది?’ అన్నాడు.

దిద్దడం తప్పు కాదు; నూటయాభై ఏళ్లకు పైగా అందరూ చేస్తున్నదే. కానీ పాతవాళ్లు దిద్దాక కూడా నెగెటివ్‌ను రేకుపెట్టెలో దాచేవారు, మనం అసలును చెరిపేస్తున్నాం. ఏటేటా తుపానుల దారిలో నిలబడే ఈ తీరంలో ఫోటో అందమే కాదు, సాక్ష్యం కూడా. మీకు నచ్చిన రంగులు పూసుకోండి. కెమెరా చూసినదాన్ని మాత్రం తేదీ, ఊరి పేరు రాసి వేరే డిస్కులో దాచండి. రేపు ఎవరైనా ‘మా తోట ఎలా ఉండేది’ అని అడిగితే చూపించాల్సింది దాన్నే.